లేటు నర్సమ్మ వచ్చింది

చాయ్ గ్లాసులు కింద వెట్టుండ్రి, నవ్వితే మీద ఒలుకుతది. మొన్న బేస్తారం నాడు మా బడి ఆఫీసుల, పట్టపగలు, నేను దయ్యంతోని మాట్లాడిన. ఒట్టు! తప్పు మాత్రం దయ్యానిది గాదు.

ముందుగాల ఓ ముచ్చట జెప్పాలె. నేను మక్తల్ల ఓ హైస్కూల్ల క్లర్కును గద. పోయిన నెల పెండ్లి సంబంధపోల్లు వచ్చి ఓ పిల్ల గురించి అడిగిండ్రు. నోరాగక, "లెక్కల్ల రెండుసార్లు ఫెయిలయింది" అన్న. సంబంధం చెడింది. పిల్ల తల్లి ఆఫీసు ముందట కూసోని ఏడ్సింది. హెడ్‌మాస్టర్ సారు నన్ను పిలిచి, "పిల్లల రికార్డంటే వాళ్ల ఇంటి గుట్టు. కన్నోల్లకు తప్ప ఎవ్వరికీ చూపొద్దు, చెప్పొద్దు. అడిగినోల్ల పేరు రిజిస్టర్ల చూసినంకనే మాట్లాడు" అన్నడు. సిగ్గుతోని సచ్చిన. అప్పట్నుంచి రూలంటే రూలే.

బేస్తారం నాడు ఒంటిపూట బడి అయిపోయింది. పిల్లలు, సార్లు అందరు వోయిండ్రు. అటెండర్ ఖాసిం భాయ్ గేటు అవతల ఎస్టీడీ బూతు నీడకు కూసున్నడు. లోపల నేనొక్కదాన్నే. కరెంటు లేదు. వడగాలికి ఖాళీ క్లాసుల తలుపులు ఒకదాని ఎనుక ఒకటి కొట్టుకుంటున్నయ్. ఎవరో ఒక్కో రూములకు తొంగిచూసుకుంట నా దిక్కే వస్తున్నట్టున్నది. ఒక్కసారే గాలి ఆగింది. తలుపులు ఆగినయ్.

తలెత్తిన. కిటికీ కాడ ఓ ఆడామె నిలవడ్డది.

అడుగుల సప్పుడే రాలే. తల తెల్లగ, మొఖం తెల్లగ, కనురెప్పల ఎంటికలు గూడ తెల్లగ. నడుమ రెండు ఎర్రటి కండ్లు!

"సువర్ణ టీసీ కావాలె." గొంతు బొంగురు. "పాలమూరు హాస్టల్ల ఇయ్యాలె. రేపే ఆఖరి దినం."

"నువ్వెవరు?"

"తల్లిని. నర్సమ్మ. పిల్లకు తట్టు వోసింది, లేవలేకపోతాంది."

రూలు యాదికొచ్చింది. అల్మార తెరిచి అడ్మిషన్ రిజిస్టర్ తీసిన. సువర్ణ. తండ్రి: బాలయ్య. తల్లి: లేటు నర్సమ్మ.

లేటు!

ఇంకోసారి చదివిన. లేటే. అయినా ధైర్యం జేసి, "నీ... నీ పెనిమిటిని తోలియ్యి" అన్న.

ఆమె రెప్ప కొట్టకుంట నా దిక్కు చూసింది. "ఆయనెట్లొస్తడమ్మా? బొందలగడ్డల ఉన్నడు. నేనొక్కదాన్నే వచ్చిన."

శ్మశానంల పెనిమిటిని ఇడిసి ఒక్కతే లేసొచ్చింది! అంతే! కుర్చీ బోర్ల వడ్డది. ఎనుక తలుపుల నుంచి ఉరికిన. ఒక చెప్పు వరండాల, ఇంకోటి ఏడనో. వోయి ఖాసిం భాయ్ మీద వడ్డ.

"భాయ్, సచ్చినామె టీసీ అడుగుతాంది!"

"ఇచ్చినవా?" అన్నడాయన నిమ్మలంగ.

"లేదు!"

"మరి అల్మారకు తాళం ఏసినవా?"

అల్మార బార్లా, రిజిస్టర్ బల్ల మీద! బడి పిల్లలందరి గుట్టు గాలిల! దయ్యం కంటె సారు మొఖమే ఎక్కువ కనవడ్డది. ఖాసిం భాయ్ ఎనుక దాసుకుంట వాపస్ వచ్చిన.

వరండాల తెల్లటి అడుగులు. లోపటికి వోయినయ్. బయటికి వచ్చినయ్ లేవు.

ఆమె నేల మీద, మూసిన అల్మారకు ఒరిగి కూసున్నది. రిజిస్టర్ ఒడిల వెట్టుకోని కొంగు కప్పింది. "మల్ల గాలి లేసింది, కాయితాలు ఎగురుతున్నయ్. ఎవలన్న చూస్తరని మూసిన. నాకు చదువు రాదమ్మా, ఫికర్ జెయ్యకు."

ఖాసిం భాయ్ నవ్వు ఆపుకోలేకపాయె. "మేడమ్, నర్సమ్మ మా గల్లీ పిండిగిర్నిల పనిజేస్తది. పెనిమిటే గుజర్ గయా, సచ్చిపోయి మూడేండ్లాయె."

తెల్లదనమంత జొన్నపిండి! బొంగురు గొంతు, ఎర్ర కండ్లు గూడ గా దుమ్ము పనే.

రిజిస్టర్ల రాత ఎవలది? నాదే. బాలయ్య ముందట రాయాల్సిన "లేటు" ఒక గీత కిందికి దించిన. ఆయన్ని బతికించి ఈమెను సంపిన!

చెప్పక తప్పలే. నర్సమ్మ కొంగుతోని రిజిస్టర్ మీది పిండి దులిపింది. "గందుకేనా అమ్మా? పోయినేడు గూడ బడి కాయితం మీద వేలిముద్రకు ఆయన్నే తోల్కరమ్మన్నరు. ఇంటికి వోయి ఆయన ఫోటో ముందట ఏడ్సిన."

ఖాసిం భాయ్‌ని తోలి సారును పిలిపిచ్చిన. గప్పటికప్పుడే టీసీ రాసి, సారు సంతకం జేసినంక నర్సమ్మ చేతుల వెట్టిన.

సారు ఊకుంటడా? "కొట్టేసి దిద్దితే సరిపోదు. ఆమె బతికున్నదని ఎట్ల తెలుసుకున్నవో రాసి సంతకం పెట్టు" అన్నడు. రాసిన: "సదరు నర్సమ్మ సజీవముగా ఉన్నట్లు నేను స్వయముగా చూచితిని." సారు చదివి, ఎర్ర పెన్ను తీసి, కింద తనే ఇంకో వాక్యం రాసిండు: "చూచి పారిపోతిని."

దాని కింద నర్సమ్మ వేలిముద్ర వేసింది, గట్టిగ, గుండ్రంగ. పక్కకు నా సంతకం నాకే గుర్తువట్టరాకుంట ఉన్నది. సచ్చినామె చెయ్యి జర్రంత గూడ వణకలే. బతికున్నదాన్ని, నాదే వణికింది!