సిలార్ కొన్న పాత మోడలు

"ఆ మనిషిని నా స్టాండులో బండెక్కించడానికి వీల్లేదు" అని యలమందయ్య అరిచిన రోజున నేను వినుకొండ కార్ల స్టాండులోనే ఉన్నాను. పత్తికి మందు కొట్టే రోజులవి. ట్రాక్టరు తొట్టిలో పడుకోబెట్టి ఒక రైతును తీసుకొచ్చారు. చేనుకని కొన్న మందు తానే తాగాడు. నోటి వెంట నురగ, కాళ్లు తన్నుకుంటున్నాడు, పెళ్లాం అతని తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. స్టాండులో ఆరు కార్లున్నాయి. అయిదుగురు డ్రైవర్లు టీ గ్లాసుల్లోకి తొంగి చూస్తున్నారు, అందులో ఏదో రాసిపెట్టి ఉన్నట్టు.

మా వైపు ఒక దిక్కుమాలిన పట్టింపు ఉంది. కారులో మనిషి ప్రాణం పోతే ఆ కారును ఇక పెళ్లికి ఎవరూ పిలవరు. పెళ్లిళ్లు లేకపోతే కిరాయి కారువాడికి గంజి కూడా పుట్టదు. అందుకని మందు తాగినవాణ్ణి ఎక్కించుకునే మగాడు ఆ స్టాండులో ఒక్కడే ఉండేవాడు. వాడు సిలార్. అప్పటికే తన డొక్కు అంబాసిడర్ తలుపు తీసి "ఎత్తండి, తల జాగ్రత్త" అంటున్నాడు.

యలమందయ్య స్టాండుకు ప్రెసిడెంటు. మూడు కార్లున్నాయి. మెయిన్ బజారులో పురుగుమందుల కొట్టు కూడా ఆయనదే.

"ఒరేయ్ సిలారూ, నీ బండి ఎటూ పాడె అయిపోయింది. ఇప్పుడు స్టాండుకు కూడా ఆ పేరు తెస్తావా? రేపు పెళ్లివాళ్లు ఇటు మొహం పెడతారా? తీసేయ్ బండి, తీసేయ్!"

సిలార్ వెనక్కి తిరిగాడు. ట్రాక్టరు తొట్టిలో దొర్లుతున్న మందు డబ్బా తీసి, దాని మీద అంటించిన కొట్టు చీటీని ఆయన కళ్ల ముందు పెట్టాడు.

"ఇదెవరి కొట్టండీ? పైకి చదవండి, నలుగురూ వింటారు. డబ్బా అమ్మేటప్పుడు అడ్డం రాని శకునం మనిషిని ఎక్కించేటప్పుడు వచ్చిందా?"

యలమందయ్య చదవలేదు. పంచె సర్దుకుని పక్కకు తప్పుకున్నాడు. టీ తాగుతున్నవాళ్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వినవాడు కూడా తన కారు తియ్యలేదు.

అలా సిలార్ మాట గెలిచింది. ప్రాణం మాత్రం గెలవలేదు. గుంటూరు ఇంకా పది మైళ్లుందనగా ఆ రైతు కారులోనే పోయాడు.

సిలార్ వాళ్ల నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ప్రేమదాసూ సిలారూ బడిలో ఒకే పలక కోసం కొట్టుకున్నవాళ్లు. ప్రేమదాసు నా పెద్దకొడుకు. ఆ గొడవకు అయిదేళ్ల ముందు, పచ్చపురుగు పత్తినంతా నమిలేసిన ఏడాది, వాడూ అదే పని చేశాడు. అప్పుడు కూడా మిగతా కార్లు కదల్లేదు, సిలార్ అంబాసిడరే కదిలింది. నరసరావుపేటలో ఆసుపత్రులు లేక కాదు. ఊపిరి మిషను పెట్టాల్సిన కేసని చెప్పి గుంటూరు పొమ్మన్నారు. అక్కడి డాక్టరు వాడి కనురెప్ప ఎత్తి చూసి "అరగంట ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్లం" అన్నాడు.

ఆ అరగంట ఎక్కడ పోయిందో నాకు తెలుసు, నేను కారులోనే ఉన్నాను. పత్తి బేళ్లు రోడ్డంతా పొంగుకొచ్చేలా నింపుకుని మూడు లారీలు మా ముందు నడిచాయి. సిలార్ హారను కొట్టి పక్కకొస్తాడు, ఎదురుగా ఇంకో లారీ కనపడుతుంది, అంబాసిడర్‌కు అంత పరుగు లేదు, మళ్లీ వెనక్కి తగ్గుతాడు. పదకొండు సార్లు పక్కకొచ్చాడు, పదకొండు సార్లు తగ్గాడు. డాక్టరు చెప్పిన అరగంట ఆ లారీల తోకన పోయింది. ఇప్పుడంటే ఫోను కొడితే సైరనేసుకుని అంబులెన్సు వస్తుంది. అప్పుడు మాకున్నదల్లా సిలారే.

స్టాండు గొడవ జరిగిన ఆ ఏడాది చివర సిలార్ అంబాసిడర్‌ను తెగనమ్మాడు. ఎండాకాలం రాగానే నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, గుంటూరులో కారు చూడాలి, నువ్వూ రా" అన్నాడు.

"నాకేం తెలుసురా కార్ల సంగతి?"

"నీకు తెలిసింది ఇంకెవరికీ తెలియదు. రా."

గుంటూరులో కార్లమ్మే గౌస్ బాషా దగ్గర రెండు హోండా సిటీలున్నాయి. పేరు ఒకటే గానీ ఒకే కాన్పు బిడ్డల్లా లేవు. ఒకటి పాత మోడలు, నేలకు కరుచుకుని పడుకున్న కుక్కలా ఉంది. రెండోది అప్పుడప్పుడే దిగిన కొత్త మోడలు, ఎత్తుగా, లోపల గదంత చోటుతో. కొత్తది తక్కువ పెట్రోలు తాగుతుందట, పెళ్లిళ్లకు అందరూ దాన్నే అడుగుతున్నారట. "అయితే పాతదానికి నూటారు గుర్రాల బలం, కొత్తదానికి డెబ్బై ఏడే" అన్నాడు సిలార్. కొత్తది వచ్చాక బలం తగ్గడమేమిటో నా బుర్రకెక్కలేదు. గౌస్ బాషా నవ్వి, "ఈ రోజుల్లో పరుగు ఎవరిక్కావాలమ్మా, మైలేజీ కావాలి" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది.

సిలార్ కొత్తదాని వెనక తలుపు తీశాడు. "పెద్దమ్మా, సీటు మీద పడుకో."

"ఏరా, నేనింకా చావలేదు!"

"అందుకే పడుకోమంటున్నా. చచ్చినోళ్లు కుదుపెక్కడ తగిలిందో చెప్పలేరుగా."

గౌస్ బాషా గడ్డం పట్టుకున్నాడు. "కారు కొనడానికొచ్చారా, కాన్పుకొచ్చారా మీరు?"

"లారీని దాటబోయేటప్పుడు చెప్తా. అప్పుడు నీ పరలోక ప్రార్థన మొదలుపెట్టు. దాటాక ఎందాకా వచ్చావో చెప్పు" అన్నాడు సిలార్ నాతో. నాకు గడియారం చూడటం సరిగ్గా రాదు, ప్రార్థన మాత్రం ఎప్పుడు చెప్పినా ఒకే నడక. అది వాడికి తెలుసు.

మిరపకాయల టిక్కీలు, ఆ పెద్ద గోతాలు నింపుకుని లారీలు మిర్చి యార్డుకు బారులు తీరే రోజులు. పేరేచర్ల రోడ్డెక్కాం. కొత్త కారులో నా తల తలుపుకు తగల్లేదు, నడుము కదల్లేదు, పరుపు మీద పడుకున్నట్టే ఉంది. "ఇప్పుడు!" అన్నాడు. ప్రార్థన ఎత్తుకున్నాను. పని చెబితే ఆలోచనలో పడే అల్లుడిలా కారు కాసేపు ఆలోచించింది. లారీని దాటేసరికి నేను ప్రార్థనలో సగం దాటేశాను.

పాతదాంట్లో పడుకుంటే మోకాళ్లు మడవాల్సి వచ్చింది. ప్రతి గుంతా నా వెన్నుపూసను పేరు పెట్టి పలకరించింది. "ఇప్పుడు!" అన్నాడు. ఇంజను గొంతు మారింది, నేను సీటుకు అతుక్కుపోయాను. మొదటి మాట చెప్పి రెండోది అందుకునేలోగా లారీ మా వెనకుంది.

కారాపి వెనక్కి తిరిగి, "ఏం పెద్దమ్మా?" అన్నాడు.

"నడుం విరిగిందిరా. ఇదే కొను" అన్నాను.

ఇంటికొచ్చాక వాడి భార్య రహమతున్నీసా వాకిట్లోనే అందుకుంది. "జనమంతా కొత్తది కొంటుంటే పాతది తెస్తారా? పిల్లల కోసం కారు కొంటారా, చచ్చేవాళ్ల కోసం కొంటారా?" ఆమె తప్పేమీ మాట్లాడలేదు. పొయ్యి వెలిగించేది ఆమే కదా.

సిలార్ పాతదే కొన్నాడు. ఆ పత్తి కాలంలో తొమ్మిది మందిని గుంటూరు చేర్చాడు. ఏడుగురు తమ కాళ్ల మీద ఇంటికి నడిచొచ్చారు. మిగతా ఇద్దరూ ఆసుపత్రి మంచం మీద పోయారు. ఆ కారులో ఒక్క ప్రాణం కూడా పోలేదు, వినండి, ఒక్కటంటే ఒక్కటి పోలేదు! అయినా ఊరు దానికి "మందు కారు" అని పేరు పెట్టింది. యలమందయ్య తెల్లటి కొత్త మోడలు దించి, స్టాండు మొదట్లో పూలదండ వేసి నిలబెట్టాడు. మాఘమాసం పెళ్లిళ్లన్నీ దానికే. బతికొచ్చిన ఏడుగురిలో ఒకడు తమ్ముడి పెళ్లికి యలమందయ్య కారే మాట్లాడాడు! వాణ్ణి బజారులో పట్టుకుని, "నువ్వు ఊపిరి పీల్చుకుంటూ వచ్చిన కారు నీ తమ్ముడికి పనికిరాలేదట్రా?" అని అడిగాను. "పెద్దవాళ్లు ఒప్పుకోలేదమ్మమ్మా" అని నేల చూపులు చూశాడు. అంతకంటే పెద్దదాన్ని నేనున్నాను కదా, నన్నడగలేకపోయాడా సన్నాసి!

ఇలా ఊరందరినీ తిడుతూ తిరుగుతున్నానా, నా ఇంట్లోనే జరిగింది. ప్రేమదాసు కూతురు హెలెన్‌కు పొదిలి సంబంధం కుదిరింది. పెళ్లి మా చర్చిలోనే. నా కోడలు రెబ్కా నాకు చెప్పకుండా యలమందయ్య కారు మాట్లాడింది.

"మనకు శకునాల్లేవని ఆదివారం ఆదివారం గొంతు చించుకుని పాడతావు గదే! సోమవారానికి వచ్చేశాయా?"

రెబ్కా చేతిలో చీర కింద పెట్టింది. "శకునం కాదత్తా. సిలారన్న మొహం చూస్తే నాకు ఆ రోజే కళ్లముందుకొస్తది. నా బిడ్డ పెళ్లినాడన్నా నన్ను మర్చిపోనియ్యి."

ఊరందరికీ ఎదురు చెప్పే నేనే ఆ చీర తీసి మడతపెట్టి ఆమె చేతికిచ్చాను. యలమందయ్య కారునే ఉండనిచ్చాను. అలా ఉండనిచ్చినందుకు నా మీద నాకే ఇప్పటికీ కోపం.

పెళ్లి నాలుగు రోజులుందనగా సిలార్ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. యలమందయ్య కారు సంగతి వాడికి అప్పటికే తెలుసు.

"పెళ్లయ్యాక సోమవారం గౌస్ బాషా వస్తున్నాడు పెద్దమ్మా. పాతది తీసుకుని కొత్త మోడలు ఇస్తానంటున్నాడు. మాఘంలో ఒక్క పెళ్లి బేరం తగల్లేదు. ఇంట్లో ఇక సర్ది చెప్పలేను."

"లారీల వెనక మళ్లీ నిలబడతావన్నమాట."

"నిలబడాల్సిందే. పిల్లల నోట్లోకి ముద్ద పోవాలిగా."

"నా మొహం చూస్తూ ఆ మాట ఎలా అనగలుగుతున్నావురా?"

"అందుకేగా వచ్చింది. కారు నిలబడేదీ పోయేదీ నీ చేతిలో ఉంది." తల పైకెత్తాడు. "హెలెన్‌ని చర్చికి నా బండిలో పంపు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లే పెళ్లికూతురై అందులోంచి దిగితే, ఇక ఏ నోరూ దానికి పేరు పెట్టలేదు."

"ఊరికే తీసుకెళ్తానంటావా?"

"ఊరికే అయితే జాలిపడి ఎక్కించారంటారు. అందరితో పాటు నాకూ కిరాయివ్వండి, బేరమాడి మరీ ఇవ్వండి. అప్పుడే ఊరు నమ్ముద్ది." గుమ్మం వైపు చూశాడు. లోపల రెబ్కా గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాడు గొంతు తగ్గించాడు. "రెబ్కమ్మని నేనడగలేను పెద్దమ్మా. ఆమె ముందు నిలబడే మొహం నాకు లేదు. నువ్వెళ్లి అడుగు."