డబ్బాలోనే శ్రుతి

"...బయట పలికింది డబ్బాలో మూగబోతే, తప్పు ఆ రేకుది ఎలా అవుతుందే?"

"పెద్దమ్మా, ఇది హార్మోనియం కాదు!"

"కాదులే. అది మూగబోతే పాట ఆగుతుంది, ఇది మూగబోతే గుండె ఆగుతుంది. అంతేగా తేడా?"

ల్యాబులో ఉన్నవాళ్లు తలలు దించుకుని నవ్వు దాచుకున్నారు. పెద్దమ్మ చెల్లెలి కూతురి ముఖం ఎర్రబడింది. ఆమె అక్కడ ఇంజనీరు.

పెద్దమ్మది హార్మోనియం రీడ్లు, అంటే లోపల స్వరం పలికే ఇత్తడి రేకులు, శ్రుతి చేసే పని. ముప్పై నాలుగేళ్లుగా ఒకటే బల్ల, ఒకటే కత్తి. రీడు కొన గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే దిగుతుంది. ఆమె ఛాతీలో పేస్‌మేకర్ ఉంది. బ్యాటరీ అయిపోయిందని ఒకే చోట రెండుసార్లు కోశారు. "జిప్పు కుట్టేస్తే పోయేది" అంటుంది.

ఆ కోత తప్పించడానికే చెల్లెలి కూతురు ఈ రేకు చేస్తోంది. గోరంత రేకు. ఒక చివర బిగించి ఉంటుంది, రెండో చివర చుక్కంత బరువు. దాని శ్రుతి గుండె అదురుతో కలిస్తే అది బాగా ఊగుతుంది, ఊగితే పేస్‌మేకర్‌కి బ్యాటరీ అక్కర్లేకుండా కరెంటు పుడుతుంది. విడిగా బిగించి చూస్తే బాగానే ఊగేది. పేస్‌మేకర్ డబ్బాలో పెడితే కరెంటు సగానికి పడిపోయేది. మూడు నెలలుగా రేకులు మారుస్తూనే ఉన్నారు. ఇవాళ కూడా ఇంతే అయితే పని ఆపేస్తానని డైరెక్టరు తేల్చి చెప్పాడు.

"రీడు పెట్టెలో బిగించాక స్వరం కాస్త దిగుతుంది. నా దగ్గర పనికి చేరినవాళ్లంతా మొదటి వారం చేసే తప్పే ఇది," అంది పెద్దమ్మ. "డబ్బాలో బిగించి ఇవ్వు. అక్కడే శ్రుతి చేస్తా."

డబ్బాను పరీక్ష బల్ల మీద బిగించారు; ముందే రికార్డు చేసిన గుండె అదురుతో ఆ బల్ల వణకసాగింది. చెవికి అందే స్వరం కాదది.

"నువ్వు మీటరులో కరెంటు అంకె చూసి చెప్పు. నేను గీకుతా."

బల్ల ఆపించి, కొన మీది బరువును ఒక్కసారి గీకింది. మళ్లీ నడిపారు.

"పెరిగింది పెద్దమ్మా."

రెండోసారి. మూడోసారి. పొడి ఊదేసి కత్తి మడిచింది.

"ఇంకొక్కసారి గీకవా?"

"చాలు. గీకింది మళ్లీ అతకదు."

విడిగా బిగించినప్పుడు ఎంత కరెంటు వచ్చిందో, డబ్బాలోనూ అంతే వచ్చింది. కబురు విని వచ్చిన డైరెక్టరు కళ్లజోడు పెట్టుకుని మీటరు దగ్గర కూర్చున్నాడు. గంటసేపు అంకె కదల్లేదు.

"ఎవరు చేశారిది?"

"మా పెద్దమ్మండీ," అంది చెల్లెలి కూతురు, గదిలో అందరికీ వినబడేలా.

పెద్దమ్మ కత్తిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఇకనుంచి విడి రేకులు నా ముందుకు తేవద్దు. డబ్బాలో బిగించి తెండి. సోమవారం నా బల్ల ఇక్కడికి తెప్పిస్తున్నా."