అన్నిటికన్నా నల్లటి రంగు

నిన్న కామారెడ్డిలో జుట్టు రంగు కొంటుంటే, "బ్లాకా, బ్రౌనా అక్కా?" అని దుకాణాయన అడిగాడు. నాకు మా బాపు గుర్తొచ్చాడు.

గల్ఫ్‌కు పోయిన నాన్నల పిల్లలం, మనలో ఎంతమందిమి బాపును ఫోటోలోనే చూసి పెరిగామో గుర్తుందా? మా ఫోటోలో ఆయన జుట్టు నల్లగా ఉండేది. మూడేళ్లకు మస్కట్ నుంచి వచ్చి ఎల్లారెడ్డి బస్టాండులో దిగేసరికి తలంతా తెల్లబడిపోయింది. నేను అమ్మ వెనక దాక్కుని, "గీ తాత ఎవరమ్మా?" అన్నాను.

నన్ను ఎత్తుకోబోయిన చేతులను బాపు దించేశాడు. ఇంటికి కూడా రాకుండా పక్కనున్న దుకాణానికి వెళ్లి, "అన్నా, అన్నిటికన్న నల్లటిది ఇయ్యి" అని అడిగాడు.

ఆ సాయంత్రం వాకిలంతా రంగు వాసన. చెవుల మీద నల్ల మరకలతోనే నన్ను పిలిచాడు.

"ఇప్పుడు జూడు బిడ్డా, మీ బాపునే గదా?"

అప్పుడు కూడా నేను దగ్గరికి వెళ్లలేదు.