కోళ్ళ వెనక నేను

నా చిన్నప్పుడు సముద్రం మా ఇంట్లోకి వచ్చింది. వచ్చినది మళ్ళీ పూర్తిగా వెనక్కి పోలేదు. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో పల్లపు చోట ఉండేది మా ఇల్లు. భూకంపానికి ఆ నేల కుంగిపోవడంతో, సునామీ తర్వాత కూడా పోటు వచ్చినప్పుడల్లా వాకిట్లోకి నీళ్ళు చేరేవి. కొన్ని నెలలు స్కూలు వరండాలో తలదాచుకున్నాక మమ్మల్ని గుట్ట మీది రేకుల షెడ్లలోకి మార్చారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

సునామీ నాడు మా మామ్మ, అంటే నాన్న తల్లి, గంపలో పెట్టుకుని గుట్ట ఎక్కించినవి దేవుడి పటమూ, అప్పుడే గుడ్లలోంచి వచ్చిన ఆరు కోడిపిల్లలూ. షెడ్డుకు చేరేసరికి అవి నేడో రేపో గుడ్లు పెట్టే పెట్టలయ్యాయి. అబర్డీన్ బజార్లోని తన కొట్టు నుంచి చెక్కపెట్టెలు తెచ్చి నాన్న వాటికి గూడు కట్టాడు. రోజూ సాయంత్రమయ్యేసరికి ఆ గూడు ఖాళీ. నేను పరుగున దిగువకు వెళ్ళి, పాత ఇంటి దగ్గర నుంచి వాటిని తోలుకొచ్చేదాన్ని. కోళ్ళు పాత చోటు మరిచిపోవు పాపం అన్నారు అందరూ. నేనూ బుద్ధిగా తలూపాను.

ఒకరోజు నేను దిగువన ఉండగానే పోటు వచ్చేసింది. పక్క షెడ్డు భయ్యా నీళ్ళలోంచి నన్ను ఎత్తుకొచ్చాడు. "కోడి పోతే పోయింది బేటీ, చలో!" అని దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. ఐదు పెట్టలే తిరిగొచ్చాయి. అమ్మ చేతిలో నా వీపు విమానం మోత మోగింది.

మర్నాడు మామ్మ పెట్టలన్నిటినీ గూట్లో పెట్టి తలుపు మూసేసింది. మేతా నీళ్ళూ లోపలే. వారం దాకా వదలకూడదంది. చీకటి పడే వేళ ఎక్కడ కళ్ళు మూసుకుంటే కోడికి అదే ఇల్లట. పొద్దు వాలగానే ఒక్కోదాన్ని ఎత్తి లోపలి కర్ర మీద కూర్చోబెట్టింది. నన్ను గూటికి కాపలా పెట్టి షెడ్డులోకి వెళ్ళింది.

కాసేపటికి నా కాళ్ళు వాటంతటవే దిగువ దారి పట్టాయి. పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి మామ్మ గొంతు.

"కోళ్ళు గూట్లోనే ఉన్నాయి కదే గుంటా. మరి నువ్వెక్కడికెల్తన్నావు?"

ఎత్తిన కాలు వెనక్కి పెట్టాను.

"పుట్టిన దినమే ఆటిని గంపలో ఎక్కించీసినాను. ఆటికా దారెలా తెలుస్తాది? కోళ్ళ ఎనకాల నువ్వెల్తన్నావా, నీ ఎనకాల కోళ్ళొస్తన్నాయా?"

ఏడుస్తూ నిజం ఒప్పుకున్నాను. గౌను ఒడిలో నూకలు పోసుకుని రోజూ నేనే వాటిని పిలుచుకెళ్ళేదాన్ని. ఇంటికి వెళ్తానంటే ఎవరూ పంపరు. కోళ్ళ కోసమంటే ఆపరు. పోయిన పెట్ట నా వల్లేనా అని అడిగాను. "ఔను, నీ వల్లే," అంది మామ్మ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. పక్కన కూర్చుని, "అక్కడినుంచి నీకేటి కావాలే?" అంది.

గడప అన్నాను. స్కూలు నుంచి రాగానే ఆ గడప మీద కూర్చుని మరమరాలు తినడం నాకు అలవాటు. దీపాల వేళ అక్కడ కూర్చుంటే లక్ష్మి రాదని మామ్మ రోజూ తిట్టేది. నాన్న, భయ్యా కలిసి ఆదివారం నీళ్ళు వెనక్కి పోయిన వేళ వెళ్ళి, ఆ గడప చెక్క ఊడదీసి మోసుకొచ్చారు. మా షెడ్డుకు అసలు గడపే లేదు. ద్వారానికి అడ్డంగా దాన్ని పెట్టి మామ్మ పసుపు రాసింది, బొట్లు పెట్టింది. రేకుల డబ్బాకి గడపేమిటని అటూ ఇటూ షెడ్ల వాళ్ళు నవ్వారు.

వారం నిండాక పెట్టలను వదిలింది ఆ గడప ముందే. పొద్దు వాలేదాకా గెలుకుతూ తిరిగి, ఒకదాని వెనక ఒకటి గూట్లోకి వెళ్ళి కర్రెక్కాయి. ఎవరూ తోలలేదు. దీపం పెట్టి వచ్చిన మామ్మ, "నిలబడిపోనావేటి, కూకో," అని నాకు గడప చూపించింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇప్పుడు మా ఇంట్లో మంచీ చెడ్డా చూసేదాన్ని నేనే. అదే ఊళ్ళో, హాడోలో మేముంటున్న క్వార్టర్‌లో కూడా ఆ చెక్క ఉంది, వచ్చినవాళ్ళ కాళ్ళకు తగులుతూనే ఉంటుంది. ఎవరైనా ఏదో ఒక సాకుతో పదేపదే పాత చోటికి పోతుంటే నేను కోప్పడను, అక్కడి నుంచి నీకేం కావాలని అడుగుతాను. మామ్మ ఆ మాట అడిగేలోపు ఒక పెట్ట పోయింది. నేను అంతదాకా ఆగను.