మూడు రివాల్వర్లు, ఒక మొలతాడు

పామర్‌స్టన్ నార్త్‌లో మా వంటింటి తలుపు ఎప్పుడూ మూసేవాళ్ళం కాదు, పోపు ఘాటు ఇల్లంతా పట్టినా సరే. ఆ ఉదయం మూశారు. లోపల మా ఆవిడ, లైసెన్స్ రెన్యూవల్‌కి పోలీసుల తరఫున వచ్చిన ఒక పెద్దాయన. ఇక్కడ తుపాకీ లైసెన్స్ తిరిగి ఇచ్చేముందు భార్యని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు, ఈ మనిషి దగ్గర ఇవి ఉంటే మీకు భయమా అని. ఆవిడ అవునంటే చాలు, నా మూడు రివాల్వర్లూ పోయినట్టే. నేను హాల్లో కూర్చుని, తలుపుకి చెవి ఆనించకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాను.

మా నాన్నది తెనాలిలో ఇనప సామాన్ల కొట్టు. మేనమామల్లో ఒకరిది కిరాణా, ఇంకొకరిది బట్టలు. మాకు ఉగ్గుపాలతోనే బేరం అబ్బింది. "సరుకు మీద చూపు నిలిపావంటే ధర నువ్వే పెంచినట్టురా," అనేవాడు నాన్న. ఈ దేశం వచ్చిన కొత్తలో, తొంభైల్లో, హాస్పిటల్లో నాతో పనిచేసే ఒకాయన నన్ను పిస్టల్ క్లబ్బులో చేర్పించాడు. పర్మిట్లవీ అయ్యాక మొదటి రివాల్వర్‌ని, పశువుల ఫారం అమ్మేసుకుంటున్న ఒక ముసలాయన దగ్గర చూశాను. నడుం విరిచినట్టు మధ్యకి తెరుచుకునే పాతకాలపుది. తెరవగానే ఖాళీ తూటాలన్నీ ఒక్కసారే పైకి లేచి అరచేతిలో రాలతాయి. మనసు పారేసుకున్నాను కాబట్టి దాన్ని చూడటం మానేసి, పక్కనున్న గుర్రపు జీను ధర అడిగాను. జీను కుట్లు చూశాను, పట్టీలు లాగాను, పెదవి విరిచాను. ఆయన విసుగొచ్చి, జీను తీసుకుంటే రివాల్వర్ ధర తగ్గిస్తానన్నాడు. రివాల్వర్ చౌకగానే వచ్చింది. గుర్రం లేని నా గరాజ్‌లో జీను ఇప్పటికీ ఉంది.

రెండోది పొడుగు గొట్టంది, నల్లటి నీలం మెరుపు, వాల్‌నట్ పిడి. గురి కుదిరితే నా గొప్ప, తప్పితే గాలి తప్పు. మూడోది చిన్న తూటాలది. చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువ, అందుకే దాన్ని అందరి దగ్గరా ఎక్కువ పొగిడేవాణ్ణి.

ఇన్నేళ్ళూ మా ఆవిడ వాటి జోలికి రాలేదు. ఆ ఏడాది మా అమ్మాయి, ఇల్లు దొరికేదాకా మా దగ్గరుంటానంది, కూతురితో సహా. మనవరాలికి తెలుగు బాగానే అర్థమవుతుంది, "వద్దు" అన్న మాట తప్ప. అంతకుముందు వచ్చినప్పుడు డ్రాయర్‌కి చైల్డ్ లాక్ పెడితే, ఊడదీసి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అది వచ్చేలోపు అవి బయటికి పోవాలి," అంది మా ఆవిడ.

"ఉక్కు సేఫ్. నేలకి బోల్టులు బిగించాను."

"లైసెన్స్ ఆయనొచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను."

కొత్త స్టవ్ అన్నాను. ఇండియా ట్రిప్పు అన్నాను. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. కోపం వచ్చి కొట్టు మెట్లు దిగిపోయేవాణ్ణి వెనక్కి పిలవొచ్చు. ధరే చెప్పని మనిషిని ఏమని పిలుస్తాం?

తలుపు తెరుచుకుంది. పెద్దాయన ముఖంలో ఏమీ లేదు. మా నాన్న చూసుంటే ఆ ముఖాన్ని తీసుకెళ్ళి గల్లా దగ్గర కూర్చోబెట్టేవాడు.

"సేఫ్ చూద్దామా?"

మా ఆవిడ వెనకే వచ్చి గది గుమ్మంలో నిలబడింది.

"మనవరాలు వస్తోందట. తాళం ఎక్కడ పెడతారు?" అన్నాడాయన.

చొక్కా ఎత్తాను. మా నాన్న గల్లాపెట్టె తాళం మొలతాడుకి కట్టుకునేవాడు, నాకూ అదే అలవాటు. పెద్దాయన ఆ నల్లతాడునీ, దాని మీద వాలిన నా పొట్టనీ కాసేపు పరిశీలించాడు.

"స్నానానికి వెళ్తే?"

"ఉంటుంది."

"నిద్రలో?"

"మంచంతో సహా మోసుకెళ్ళినా లేవరు," అంది గుమ్మంలోంచి మా ఆవిడ. "ఆ తాడు ముట్టుకుంటే లేస్తారు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లోపల ఏం చెప్పిందో ఇంకా తెలియదు. రివాల్వర్ల నంబర్లు సరిచూసుకుని, వీధి తలుపు దగ్గర, "ఇబ్బందేమీ కనిపించలేదు, రిపోర్టు అలాగే రాస్తాను," అన్నాడు.

కారు మలుపు తిరిగేదాకా ఆగింది మా ఆవిడ.

"మీరంటే భయం లేదని చెప్పాను. అది నిజమే. ఇప్పుడు మన సంగతి. ఒకటి ఉంచుకోండి."

"రెండు."

"ఒకటి."

సేఫ్ ముందు నిలబడి పొడుగుదాన్ని పొగిడాను. చిన్నదాన్ని ఇంకా పొగిడాను.

"ఆ పాతదాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు మీరు," అంది. "దాన్ని ఉంచుకోండి. ఇన్నేళ్ళు గరాజ్‌లో జీను పెట్టుకుని కాపురం చేశాను, ఆమాత్రం తెలీదా?"

మిగతా రెండూ కాగితాలు మార్పించి క్లబ్బులో వాళ్ళకి ఇచ్చేశాను.

అమ్మాయి వచ్చిన సాయంత్రం మనవరాల్ని ఎత్తుకున్నాను. చంకలో కుదురుగా కూర్చున్నట్టే కూర్చుని, చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి తాళం పట్టుకుంది. "ఓపెన్," అంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. విప్పినవి విప్పినట్టే మళ్ళీ బిగుసుకున్నాయి. తాడు నడుముకి కోసుకుంటోంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది.

ఎదుటివాడు నోరు విప్పకముందే ధర తగ్గించేవాడు కొట్టు పెట్టకూడదనేవాడు నాన్న.

"శనివారం క్లబ్బుకెళ్ళి ఆ పాతదాన్ని కూడా ఇచ్చేసి వస్తాను," అన్నాను.

"జీను మాత్రం ఇవ్వకండి," అంది. "ఈ పిల్లని దానిమీద కూర్చోబెట్టొచ్చు."