మా మామ నన్ను తిట్టిన రోజు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా ఎడమ మోకాలి మీద ఒట్టు. మామూలుగా ఒట్టు నెత్తి మీద వేస్తారు గానీ, తన నెత్తి జోలికి రావద్దని మా ఆవిడ పెళ్ళయిన మొదటి నెలలోనే చెప్పేసింది. నా నెత్తి మీద నేను వేసుకుంటే ఎర్రుపాలెంలో నమ్మేవాడు లేడు. మోకాలైతే ఎవరికీ అభ్యంతరం లేదు, పైగా ఈ సంగతిలో దానికీ కొంచెం భాగముంది.

నాకు ఎర్రుపాలెంలో ఎరువుల దుకాణం. బస్తా కోసం వచ్చిన రైతు బస్తాతో పాటు ఒక కథ కూడా మోసుకుపోయేవాడు. కథకు డబ్బులు తీసుకోలేదు, అంతవరకు నా మంచితనం. ఆటల సంగతికొస్తే, పక్క దుకాణం రేడియోలో క్రికెట్ స్కోరు వినడం తప్ప ఏమీ తెలియదు. ఫుట్‌బాల్ అంటే ఇరవై మందికి ఒక్క బంతే కొనిచ్చారు కాబోలు, పాపం, అనుకునేవాణ్ణి.

రెండువేల రెండు ఎండాకాలంలో పాల్వంచ సంబంధం వచ్చింది. మామకు కరెంటు తయారుచేసే చోట షిఫ్టు డ్యూటీ, కంపెనీ కాలనీలో క్వార్టరు. ఇద్దరు కొడుకులు, వాళ్ళ మధ్య ఒక కూతురు. పెళ్ళిచూపులకు పోతే గోడల మీద దేవుడి పటాల కన్నా గ్రూపు ఫోటోలే ఎక్కువున్నాయి. అందరూ నిక్కర్లలోనే. ప్యాంట్లు తొడుక్కునే లోపలే ఫోటో తీసేశారా అని అడగబోయాను. మా అమ్మ తొడ మీద గిల్లింది.

పెళ్ళినాడు పళ్ళెంలో నా కాళ్ళు పెట్టించి మామ కడుగుతున్నాడు, అత్త చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఏ మామయినా నాలుగు నీళ్ళు చల్లి, తుడిచి లేస్తాడు. ఈయన నా పాదం పైకెత్తి అరికాలు చూశాడు. బొటనవేలు వంచి చూశాడు. మడమ మీది నరం నొక్కి చూశాడు. సంతలో ఎద్దును బేరం చేసేటోడు కూడా అంత శ్రద్ధగా చూడడు. చూసి, పక్కనున్న పెద్దకొడుకు చెవిలో చెబుతున్నాననుకుని మంటపమంతా వినబడేటట్టు అన్నాడు:

"అరికాళ్ళు చదునురా. ఉరకనీకి రాదు గని, నిలవడితే కదలడు. గోల్ కీపర్‌కు పనికొస్తడు."

పంతులుగారు మంత్రం ఆపి "ఏమన్నారు?" అన్నారు.

"మీరు కానియ్యుండ్రి," అన్నాడు మామ.

ఆ ఏడు ప్రపంచ కప్పు తూర్పు దేశాల్లో జరగబట్టి ఆటలు మనకు పట్టపగలే వచ్చేవి. కొత్తల్లుణ్ణి, కోడికూర వండారు, కానీ వడ్డించే మనిషి లేదు. అత్తతో సహా అందరూ టీవీ ముందున్నారు. సగం ఆట అయ్యేదాకా నేనూ కోడీ ఎదురుచూశాం. ఏం చేస్తాను, వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ఆఫ్‌సైడ్ అంటే ఏందని అడిగితే మా ఆవిడ కూరగాయల బుట్ట తెచ్చి గచ్చు మీద వంకాయలు పరిచింది. "ఇవి అవతలోళ్ళు. గీ పచ్చిమిరపకాయ మనోడు. మనోడికి బంతి ఇచ్చేటప్పుడు ముందల ఇద్దరు వంకాయలన్న ఉండాలె. అర్థమయిందా?" అంది. అర్థం కాలేదని మూడుసార్లు చెప్పించుకున్నాను. నిజానికి మొదటిసారే అర్థమైంది. కొత్త పెళ్ళాం పక్కన కూర్చుని వంకాయలు జరుపుతుంటే తొందరెందుకు?

అట్లా మొదలైంది పిచ్చి. శనివారం మధ్యాహ్నమే దుకాణం మూసి ఖమ్మం, కొత్తగూడెం బస్సులు మారి పాల్వంచ చేరేవాణ్ణి. పుట్టింట్లో ఉన్న పెళ్ళాం మీద ప్రేమని మా ఊళ్ళో అనుకున్నారు. సగం అదే. మిగతా సగం కాలనీ గ్రౌండు.

సాయంత్రాలు కాలనీ టీముకు మామే గురువు. మెడలో విజిల్ ఉండేది గానీ ఊదడం తక్కువ, తిట్టడం ఎక్కువ. "ఒరేయ్, నీ కాళ్ళు ఎవలికన్న కిరాయికిచ్చినవారా?" "బంతిని తన్నమంటే దండం పెడుతున్నవేందిరా?" "జల్దీ ఉరకరా, ఇదేమన్న నీ పెండ్లి ఊరేగింపా?" తిట్టించుకున్న వాడు ముఖం మాడ్చుకోవాలి కదా? లేదు, ఛాతీ విరుచుకుని పరిగెత్తేవాడు.

నాకూ ఆడాలని ఉందన్నాను. గోల్లో నిలబెట్టారు. మొదటి బంతి నా కాళ్ళ మధ్య నుంచి పోయింది. మామ చప్పట్లు కొట్టాడు.

"పర్వాలేదు అల్లుడుగారూ. మంచిగ వదిలిండ్రు. ఎండల కష్టపడకుండ్రి."

ఆ "గారూ" నాకు గోలు కన్నా గట్టిగా తగిలింది.

మా అత్తకు నాతో ఎదురుపడి మాట్లాడే అలవాటు లేదు. అల్లుడంటే మర్యాద. నాతో చెప్పాల్సిందంతా ఇంట్లోని పిల్లితో చెప్పేది. "పిల్లీ, ఆయన్ను ఇంకింత పప్పేసుకోమను." పిల్లి నా వంక చూసేది, నేను పప్పు వేసుకునేవాణ్ణి. ఆ రోజు నా ముఖం చూసి అంది: "పిల్లీ, మీ తాత ఎవల్ని తిడితే గాళ్ళు టీముల ఉన్నట్టు. తిట్టకుంటే చుట్టమొచ్చి పోయినట్టు. తెలిసిందా?"

తెలిసింది. నేను ఆ ఇంటికి చుట్టాన్ని. ఇంక నాకు మిగిలిన పని ఒక్కటే, మామ చేత తిట్టించుకోవడం.

ఆలస్యంగా పోయాను. "బస్సు దొరకలేదేమో పాపం," అన్నాడు. లుంగీలో పోయాను. గ్రౌండు అంచున కుర్చీ వేయించి, దాని మీద తువ్వాలు పరిపించాడు. కావాలని మా గోల్లోకే బంతి కొట్టాను. "తన్నుడు మాత్రం గట్టిగుంది అల్లుడుగారిది," అని మెచ్చుకున్నాడు. చిన్న బావమరిది నవ్వాపుకోలేక, "బావా, ఆ కుర్చీ తీసుకపోయి గోల్లనే ఏసుకో, కుర్చీ అన్న అడ్డముంటది," అన్నాడు.

మా ఆవిడకు చెప్పుకున్నాను.

"ఏందయ్యా, తిట్లు కావాలంటే నేను లేనా?" అంది.

"నీవి ఇంటి తిట్లు. నాకు గ్రౌండు తిట్లు కావాలి."

"అవ్, పిచ్చి ముదిరింది," అని వెళ్ళిపోయింది.

ఇంతలో దుమ్ముగూడెం పోటీ కుదిరింది. ఎట్లా కుదిరిందో చెప్పాలి. భద్రాచలంలో గోదారి ఒడ్డున ఆడుతుంటే పెద్ద బావమరిది తన్నిన బంతి ఏట్లో పడింది. బంతి ఏటి వాలుకే పోవాలి. పోలేదు. ఆయన తన్నుకు దానికి పట్టిన తిరుగుడు ఆగక, ఎదురీదుకుంటూ ఎగువనున్న దుమ్ముగూడెం చేరింది. మూడోనాడు అక్కడి కుర్రాళ్ళు ఇద్దరు బంతి తెచ్చిచ్చి, "మీ బంతి మా ఊరొచ్చింది, మీరెప్పుడొస్తరు?" అన్నారు. ఇంక పోకుండా ఎట్లా ఉంటాం?

పోటీకి రెండు రోజుల ముందు మా గోల్ కీపర్, అంటే చిన్న బావమరిది, వేలు తలుపు సందులో పెట్టుకున్నాడు. అతని బదులు నిలబడే కుర్రాడికి ఆ రోజు పొద్దుటి షిఫ్టు పడింది. మామ నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అల్లుడుగారూ, మీరేమనుకోకుంటే... గోల్ల నిలవడుతరా?"

నా చదును అరికాళ్ళకు కాలం కలిసొచ్చింది.

వానలు వెనకబట్టిన రోజులు. దుమ్ముగూడెం గ్రౌండులో సగం గడ్డి, సగం బురద. అవతలి జట్టు అడవి పల్లెల కుర్రాళ్ళు, ఒక్కరి కాళ్ళకూ బూట్లు లేవు, ఒక్కరూ జారి పడలేదు. మా వాళ్ళు బూట్లేసుకుని వరసగా పడ్డారు. వాళ్ళు తమ భాషలో ఎత్తులన్నీ మా ముందే గట్టిగా చెప్పుకునేవాళ్ళు, మాకు ఒక్క ముక్క అర్థం కాదు. మేం చెవుల్లో గుసగుసలాడుకునే తెలుగు మాత్రం వాళ్ళందరికీ వచ్చు. అయినా చెరొక గోలుతో సమానంగా ఉన్నాం. మామ గొంతు బొంగురుపోయింది. పదిమందినీ పేరుపేరునా తిట్టాడు. నా దగ్గరికొచ్చేసరికి, "దాహమైతుందా అల్లుడుగారూ?"

నా గోలు వెనక ఒక తాత మేకలను మేపుతున్నాడు. ఆట చాలాసేపు అవతలే జరుగుతోంది, నాకు పని లేదు. ఊరికే ఉండలేను కదా, ఎదురీదిన బంతి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. తాత మేకలను వదిలేసి దగ్గరికొచ్చాడు.

"ఎదురెట్ల ఈదింది?" అన్నాడు.

అది చేతులతో చూపించాల్సిన సంగతి. గ్రౌండుకు వీపు పెట్టి, రెండు చేతులూ తిప్పి చూపిస్తున్నాను.

"ఒరేయ్! ఎరువుల బస్తా! కథలు చెప్పనీకొచ్చినవారా ఈడికి? ముందటికి మల్లురా సన్నాసీ!"

తాత చటుక్కున మేకల దగ్గరికి పోయాడు. ఒక్క ఊపిరిలో ఒక ఒరేయ్, రెండు రా, ఒక సన్నాసి, మీదికెళ్ళి ఎరువుల బస్తా. లెక్కపెట్టుకున్నాను. నేను మళ్ళాను గానీ బంతి వైపు కాదు, మామ వైపు. పక్కకు తిరిగి, పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాను. అప్పుడే వచ్చిన బంతి నా వీపుకు ధనామని తగిలి గోలు పైనుంచి ఎగిరిపోయింది. ఆ దెబ్బకు ముందుకు పడి ఎడమ మోకాలు చీరుకుపోయింది. మరో రెండు నిమిషాలకు పెద్ద బావమరిది అవతల గోలు కొట్టాడు. గెలిచాం.

తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ మాట్లాడలేదు. గెలిచిన జట్టులాగా లేదు. నలుగురిలో అల్లుణ్ణి ఒరేయ్ అన్నాడు మామ, చిన్న తప్పా? ముందు సీట్లో కూర్చుని పాల్వంచ వచ్చేదాకా రోడ్డునే చూశాడు. పెద్ద బావమరిది నా చెవిలో, "బావా, ఏమనుకోకు. నాయినకు నోరాగదు," అన్నాడు.

నా భయం వేరే. ఈ పెద్దమనిషి ఇంటికి పోయినంక చేతులు పట్టుకుని, "తప్పయింది అల్లుడుగారూ" అన్నాడా, నా పని అయిపోయినట్టే. ఇంక జన్మంతా ఆ తువ్వాలు పరిచిన కుర్చీలో చుట్టంలాగా కూర్చోవాలి.

క్వార్టరు గడప ముందు ఆగాను. మోకాళ్ళ దాకా బురద. లోపల్నుంచి అత్త, "పిల్లీ, ఆయనకు నీళ్ళు తోడిపెట్టమను," అంది. మా ఆవిడ బకెట్ అందుకుంది. మామ గొంతు సవరించుకున్నాడు.

"అల్లు..." అని ఆగాడు. నా పాదాల వంక చూశాడు, పెళ్ళినాడు చూసినట్టే. ఏమనుకున్నాడో ఏమో.

"ఏందిరా గట్ల నిలవడ్డవ్? గా బురద కాళ్ళతోటి ఇంట్లకొస్తవా? పెండ్లిల ఒక్కసారి కడిగిన, రోజూ నేనే కడగాల్నా? పో, నల్లా కాడికి పో!"

మా ఆవిడ బకెట్ కింద పెట్టేసింది. నేను నల్లా దగ్గర నా జీవితంలో ఎప్పుడూ కడుక్కోనంత నిదానంగా కాళ్ళు కడుక్కున్నాను. చివరికి అత్తే బయటికొచ్చి, నా ముఖం చూసి, "అన్నం చల్లారుతుంది, జల్దీ రా," అంది. పిల్లి అప్పటికే పొయ్యి దగ్గర పడుకుని ఉంది. దాని ఉద్యోగం ఆ రోజుతో పోయింది.

ఇదంతా రాసి పెట్టాను గానీ పొద్దుటి నుంచి ఎడమ మోకాలు ఒకటే సలుపు. ఒట్టేసింది దాని మీదే కదా. అందుకని చెప్పేస్తున్నాను. ఆ బంతి నా వీపుకు తగల్లేదు. నేను పళ్ళన్నీ బయటపెట్టి మామను చూస్తుంటే అది నా పక్కనుంచి తీరిగ్గా గోల్లోకి పోయింది. మోకాలు చీరుకుంది తరువాత, దాన్ని వెతకబోయి మేకల తాడు తట్టుకుని. పెద్ద బావమరిది ఏ గోలూ కొట్టలేదు. మేం ఓడిపోయాం, అదీ నా వల్ల. గెలిచామని రాస్తే ఈ వయసులో ఎవరు అడగొచ్చారులే అనుకున్నాను. కానీ గెలిపించిన వాణ్ణి ఇంట్లో కలుపుకోవడం ఏం గొప్ప? ఓడగొట్టిన వాడికి మామ పో, నల్లా కాడికి పో అన్నాడు. ఆ మాటలు మాత్రం అక్షరం మార్చలేదు.

బంతి ఎదురీదిన సంగతా? అది నిజం. మేకల తాత చేతులతో చూపించి మరీ చెబుతాడు, పోయి అడగండి.