తోటవైపు పదకొండు కిటికీలు

ఆ కోటను నేనెప్పుడూ చూడలేదు. దాని కిటికీలు మాత్రం నాలుగుసార్లు లెక్కపెట్టాను. సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. యూరప్‌లో ఐదొందల ఏళ్ల కిందటి, రినైసాన్స్ కాలం నాటి కోట ఒకటి. దాని గదులూ తోటలూ ఎవరైనా కంప్యూటర్‌లోనే తిరిగి చూసేలా వెబ్‌సైటు చెయ్యాలి. బొమ్మలు గీసేది వరంగల్ నుంచి వచ్చిన ఒక అన్న, వాటిని కదిలించే కోడ్ రాసేది నేను. ఇద్దరం సెరంగూన్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం.

నాకప్పుడు ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. లేని రెండేళ్ల అనుభవం రెజ్యూమెలో రాసుకుని విమానమెక్కినవాణ్ణి. పక్కవాడూ అలాంటివాడే అనుకునేవాణ్ణి. అన్న గీసిన తోట చూస్తేనే ఒళ్లు మండేది. నడిమధ్య ఫౌంటెన్, అటు ఎన్ని పొదలో ఇటూ అన్నే, కత్తిరింపులో వెంట్రుకవాసి తేడా లేదు. సగం గీసి మిగతా సగం కాపీ కొట్టాడని తేల్చేశాను.

ఒకరోజు పట్టుకున్నాను. తోటవైపు గోడకు పదకొండు కిటికీలు. లోపలి గదుల్లోంచి లెక్కపెడితే తొమ్మిదే. దొంగ దొరికాడు! అన్న పక్క సీట్లోనే ఉన్నాడు, ఇటు తిరిగి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. అన్న బొమ్మలు తప్పుడువని మేనేజరుకు మెయిల్ పెట్టాను.

మేనేజరు కోటవాళ్లను అడిగితే, వారం తర్వాత జవాబొచ్చింది. ఆ రెండూ గోడమీద రంగులతో వేసిన కిటికీలట. తోటలో నిలబడి చూసేవాళ్లకు రెండువైపులా సమానంగా కనిపించాలని ఆ రోజుల్లో అలా చేసేవారట. పొదలూ అందుకే అలా ఉన్నాయట. అన్న ఉన్నది ఉన్నట్టే గీశాడు. కానీ ఆ వారంలోనే అతని కాంట్రాక్టు పొడిగించాల్సిన గడువు వచ్చింది. అనుమానమున్న మనిషి మనకెందుకని మేనేజరు జవాబు రాకముందే ఆ సీటుకు ఇంకొకణ్ణి తీసుకున్నాడు. పని పోతే సింగపూర్‌లో ఉండనిచ్చే పాసూ రద్దు. వదినా పాపా మరుసటి నెల రావలసింది.

సామాను సర్దుతూ అన్న అడిగాడు.

"నా మీద ఎవలు చెప్పిండ్రో నీకేమన్న ఎర్కనా, తమ్మీ?"

"తెలీదన్నా" అన్నాను.

కాసేపు నా మొహంలోకే చూశాడు. తెలిసిపోయిందనుకున్నాను.

"నువ్వన్న పైలం. ఆఫీసుల ఎవల్ని నమ్మకు" అని నా భుజం తట్టాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గుతో చచ్చిపోతూనే అతని పెట్టె టాక్సీదాకా మోశాను.